మోతాదు

‘మోతాదు’ అనే మాటను మనము రోజుకు పదిసార్లు పలుకుతాము. మందుకు మోతాదు, ఉప్పుకు మోతాదు, సున్నానికి మోతాదు. ఇది ఉర్దూ వాకిలి గుండా తెలుగింటికి వచ్చి, మన నోట నలిగి, మన మాటయే అయినది. రెండు భాషల విద్యార్థులు ఒకే చెట్టు నీడన కూర్చుండి చదువుకునే మన కళాశాలలో ఈ ఒక్క మాటను గూర్చి నాలుగు వాక్యాలు వ్రాయుట అసందర్భము కాదని తలుస్తున్నాము. మేలుచేసే వస్తువైనా మోతాదు తప్పితే కీడు చేస్తుంది. పారవేసే వస్తువైనా మోతాదు ఎరిగినవారి చేతిలో మేలు చేస్తుంది. మొదటిదానికి మన మెడలోని గ్రంథిని, రెండవదానికి మన కాళ్ళ క్రింది బాటను సాక్ష్యముగా తీసుకుంటున్నాము.

మా ఫూఫీగారు ఎనిమిదేళ్ళ క్రితం ఒక వైద్యుడు వ్రాసి ఇచ్చిన థైరాయిడ్ మాత్రను ఒక్కనాడైనా తప్పకుండా వేసుకునేవారు. చీటీ పాతదే, మోతాదూ పాతదే. మనిషి మాత్రము చిక్కి సగమైనారు. గుండె దడదడలాడుతున్నదంటే వయస్సు అన్నాము. బరువు తగ్గితే రోజాల వలన అన్నాము. ఒకనాడు పెరటిలో కాలుజారి, చేయి ఆనించినంత మాత్రాన మణికట్టు విరిగినది. అప్పుడు చేయించిన రక్తపరీక్షలో తెలిసినది, శరీరానికి కావలసినదానికంటె ఎక్కువ మందు వారు మింగుతున్నారని. ఇంటినిండా చదువుకున్నవారమే. అయినా ఆ చీటీ మీది తేదీని చూచిన పాపాన ఒక్కరమూ పోలేదు.

మాత్రకూ మణికట్టుకూ సంబంధమేమిటని అడుగవచ్చును. ఎముకను మనము రాయివంటిదని భావిస్తాము. అది సజీవమైనది. పెద్దవారి అస్థిపంజరములో ఏటా సుమారు పదవవంతు కొత్తదవుతూ ఉంటుంది. ఒక జాతి కణాలు పాత ఎముకను తవ్వుతాయి, మరొక జాతి కణాలు ఆ గుంటను పూడ్చుతాయి. ఒక గుంట తవ్వి పూడ్చుటకు సుమారు ఆరు నెలలు పడుతుంది. ఈ పనికి వేగాన్ని నిర్ణయించేవాటిలో మెడ ముందుభాగాన సీతాకోకచిలుక ఆకారములో ఉన్న థైరాయిడ్ గ్రంథి స్రావమొకటి. అది మితిమీరితే ఆరు నెలల పని సుమారు మూడు నెలలలో ముగుస్తుంది. తవ్వేవారి వేగాన్ని పూడ్చేవారు అందుకోలేరు. ప్రతి గుంటవద్దా కొంత లోటు మిగిలిపోతుంది. గ్రంథి తానుగా అతిగా పనిచేసినా, మనము మింగే మాత్ర ఎక్కువైనా ఫలితము ఇదే. 1891లోనే ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, ఈ గ్రంథి అతిగా పనిచేసి మరణించిన ఒక యువతి ఎముకలు పురుగు తొలిచినట్లున్నవని వర్ణించినాడు. ముట్లుడిగిన స్త్రీలలో ఎముకకు సహజమైన రక్షణ అప్పటికే తగ్గి ఉంటుంది కనుక వారికి ప్రమాదము మరింత ఎక్కువ.

ఇది చదివి ఎవరూ మాత్ర మానివేయరాదు. గ్రంథి మందగించినవారికి ఆ మాత్ర ప్రాణాధారము. మానివేయుట కూడ మోతాదు తప్పుటయే. మోతాదు మార్చిన ఆరు నుండి ఎనిమిది వారాలకు ఒకసారి, నిలకడ కుదిరిన తరువాత ఏటా ఒకసారి రక్తపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పినట్లు నడచుకొనవలెను. బరువు తగ్గుతామని పక్కింటివారి మాత్ర అడిగి మింగుట మాత్రము కోరి ఆపద తెచ్చుకొనుట.

ఎముకకు పూడ్చే కణాలు ఉన్నవి. ఊరి బాటకు అవి లేవు. పూడ్చవలసినవారము మనమే. తారు బాటకు ప్రథమ శత్రువు నీరు. కంకరకూ తారుకూ నడుమ నీరు చేరితే రాయి పట్టు వదలి లేచిపోతుంది. ఒక వర్షాకాలానికే గుంటలు పడతాయి. దీనికొక ఉపాయాన్ని మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ చూపినారు. చిన్న ముక్కలుగా తరిగిన వ్యర్థ ప్లాస్టిక్కును సుమారు 160 డిగ్రీల వేడిగల కంకరపై చల్లితే అది కరగి రాతికి పలుచని పూతవలె పట్టుకుంటుంది. ఆ పూతమీద తారు గట్టిగా అంటుతుంది, నీరు సులువుగా చొరబడదు. 2002లో తమ కళాశాల ఆవరణలోనే ఆయన అటువంటి బాట వేయించినారు. 2018లో పద్మశ్రీ వారిని వరించినది. బెంగళూరులో ప్లాస్టిక్ సంచుల వ్యాపారము చేసిన అహ్మద్ ఖాన్, రసూల్ ఖాన్ సోదరులు కూడ వ్యర్థ ప్లాస్టిక్కును తారులో కలిపి బాటలు వేయించినారు. సంచులు అమ్మినవారే సంచుల చెత్తకు దారి వెదకుట మాకు ఎంతో గౌరవనీయముగా తోచినది. 2015 నవంబరులో కేంద్ర రహదారుల మంత్రిత్వశాఖ, 5 లక్షలకు మించిన జనాభాగల పట్టణాలకు 50 కిలోమీటర్లలోపు వేసే తారు బాటలలో వ్యర్థ ప్లాస్టిక్ వాడవలెనని ఆదేశించినది.

ఇక్కడను మోతాదే ప్రధానము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారము ప్లాస్టిక్ తారు బరువులో నూటికి 6 నుండి 8 పాళ్ళు మాత్రమే ఉండవలెను. గొట్టాలకు వాడే పీవీసీ జాతి ప్లాస్టిక్కును దగ్గరకు రానీయరాదు. వేడి తగిలితే దానినుండి హాని చేసే ఆమ్లవాయువు వెలువడుతుంది. మట్టి, అన్నము, కూరలు అంటిన సంచులు పనికిరావు. అనగా వేరుచేయని చెత్త చెత్తగానే మిగులుతుంది. బాటకు ఉపయోగపడదు.

“చెత్తతో బాటలే వేస్తున్నప్పుడు సంచులు ఎన్ని వాడితే నేమి?” అని మా విద్యార్థి ఒకడు తరగతిలో వాదించినాడు. చురుకైన ప్రశ్నయే. మాత్ర దొరుకుతున్నది కదాయని రెండు మింగుట ఎటువంటిదో ఇదియు అటువంటిదే. బాట ఇముడ్చుకొనగలది నూటికి ఎనిమిది పాళ్ళు. మన బజార్లు ప్రతిదినము విడిచే సంచులకు అంతు లేదు. పైగా బాట అరిగినకొద్దీ ప్లాస్టిక్ నలుసులు మట్టిలోనికి చేరునేమోయను ఆక్షేపణ ఉండనే ఉన్నది. కనుక మొదట తక్కువగా వాడుట, వాడినదానిని వేరుచేయుట, ఆ తరువాతనే బాట.

కళాశాల పాలకసంఘమువారికి రెండు మనవులు. ఫలహారశాల వెనుక గుంటలో ప్రతి సాయంకాలము సంచులు తగులబెట్టుచున్నారు. ఆ పొగ బాలికల తరగతులలోనికి వస్తున్నది. దీనిని వెంటనే మాన్పించి, పొడి ప్లాస్టిక్కుకు వేరుగా ఒక తొట్టి పెట్టించి, దానిని పురపాలక సంఘానికి అప్పగించవలెను. రెండవది, ఏటా జరిపే వైద్యశిబిరములో కంటిచూపు, రక్తపోటులతో ఊరుకోక, థైరాయిడ్ మాత్రలు వాడుతున్న తల్లులను చీటీలతో సహా రప్పించి చూపించవలెను. ఈ రెంటికీ పెద్ద వ్యయము కాదు.

విద్యార్థులకు ఒక్క మాట. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ మందుల డబ్బా తెరచి, చీటీ మీది తేదీ చదవండి. మేము ఆ పని ఎనిమిదేళ్ళు ఆలస్యముగా చేసినాము. ఫూఫీగారి మణికట్టు అతికినది గాని, నిండు బిందె ఎత్తుటకు వారికి నేటికీ మరొకరి చేయి కావలసివస్తున్నది.