మోతాదు వెనుక లెక్క



మన సంఘాలలోని ఎన్నో కుటుంబాల పిల్లలు నేడు నర్సింగు చదువుతున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు “ఏ పాఠం కష్టమమ్మా?” అని అడిగి చూడండి. ఫార్మకాలజీ, అనగా మందుల శాస్త్రము, అని చెప్పేవారే ఎక్కువ. పేర్లకు నోరు తిరగదు. మోతాదులు ఒకదానితో ఒకటి పొంతన లేనట్లు కనిపిస్తాయి. బట్టీపట్టి పరీక్ష గట్టెక్కవచ్చును గాని వార్డులో ఆ చదువు నిలువదు. ప్రతి మోతాదు వెనుక ఒక లెక్క ఉన్నది. అది తెలిసిన పిల్ల తప్పు మోతాదు చీటీలో కనబడగానే ఆగి అడుగుతుంది. ఈ నెల ఆ లెక్కను అనంతపురం మెట్ట పల్లెల సంగతులతోనే చెప్పుకుందాము.

మింగిన మాత్రకు ఒంటిలో నాలుగు మజిలీలు. ప్రేగులలో నుండి రక్తములో చేరుతుంది, రక్తముతో ఒళ్ళంతా తిరుగుతుంది, కాలేయములో మార్పు చెందుతుంది, చివరకు ఎక్కువగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. గుండె నొప్పికి సార్బిట్రేట్ మాత్రను నాలుక క్రింద ఎందుకు పెట్టమంటారు? మింగితే కాలేయము దానిలో చాలా భాగమును ముందే విరిచివేస్తుంది. నాలుక క్రింద కరిగినది ఆ దారి తప్పించుకొని నేరుగా రక్తములో కలుస్తుంది. ఇంత చిన్న కారణము తెలిస్తే ఇక ఆ మాట మరచిపోరు.

మన ప్రాంతమునకు ముఖ్యమైనది నాలుగవ మజిలీ. అనంతపురం సీమలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో మట్టిపని చేసినవారు, శెనక్కాయ చేలో నడుము వంచి కలుపు తీసినవారు సాయంత్రానికి ఒళ్ళు నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రో, ఇబుప్రోఫెన్ మాత్రో అడిగి వేసుకుంటారు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైన ఊళ్ళలో కీళ్ళనొప్పులకు రోజూ ఇదే తంతు.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తము తగ్గకుండ శరీరమే కొన్ని పదార్థాలను తయారుచేసి అక్కడి రక్తనాళాలను తెరచి ఉంచుతుంది. వాటిని ప్రోస్టాగ్లాండిన్లు అంటారు. నొప్పిని పెంచేవి కూడ అవే. నొప్పి మాత్ర వాటిని తయారు కానివ్వదు గనుకనే నొప్పి తగ్గుతుంది, అందుచేతనే ఎండిన ఒంట్లో మూత్రపిండానికి రక్తము తగ్గిపోతుంది. మేలు, కీడు రెండూ ఒకే పనిలో నుండి వస్తున్నాయి చూడండి. బి.పి.కి ఎనలాప్రిల్ వంటి మాత్రను, నీరు తీసే ఫ్రూసిమైడ్ మాత్రను వాడేవారు దానిమీద నొప్పి మాత్ర కూడ వేసుకుంటే అపాయము మరీ ఎక్కువ. కనుక నొప్పులని వచ్చినవారిని “ఈ రోజు నీళ్ళు ఎన్ని తాగినారు? మూత్రము వచ్చిందా?” అని అడగడము మాటల కోసము కాదు, మందుల శాస్త్రమే.

మన రాబందులు ఏమైనాయో తెలుసునా? డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని, మూత్రపిండాలు చెడి లక్షలుగా చచ్చిపోయినాయి. అందుకే 2006లో ఆ మందును పశువులకు వాడరాదని మన దేశములో నిషేధించినారు. మనుషులకు మాత్రము అది ఇప్పటికీ ఉన్నది.

ఇక పిల్లల మోతాదు. జ్వరానికి పారాసిటమాల్ బిడ్డ బరువులో కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు ఒకసారికి 100 నుండి 150. కాని షాపులో దొరికే సిరప్పులలో 5 మిల్లీలీటర్లకు 125 ఉన్నది ఒకటి, 250 ఉన్నది మరొకటి. చెంచా ఒకటే, మందు రెండింతలు! సీసా మీది అంకె చదవకుండ “ఒక చెంచా పోయండి” అని తల్లికి చెప్పరాదు.

బరువును బట్టి మోతాదు అని ఇంతలో చెప్పినాము గదా, ఆ నియమము నిలువని చోటు కూడ మన చేలలోనే ఉన్నది. అదే పాము కాటు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగు పాముల విషానికి గుర్రాల రక్తము నుండి తీసిన విరుగుడు ఒక్కటే. ఆసుపత్రిలో మొదట సుమారు 8 నుండి 10 సీసాలు సెలైనులో కలిపి ఎక్కిస్తారు. ఆరేళ్ళ బిడ్డకూ అంతే, అరవై కిలోల పెద్దాయనకూ అంతే. పాము బిడ్డ అని చూచి విషము తగ్గించదు గదా! ఇక్కడ లెక్క మనిషి బరువుది కాదు, విషముది.

పింజర విషము రక్తము గడ్డకట్టే గుణమును చెరుపుతుంది. దానిని కనుగొనే పరీక్షకు యంత్రము అక్కరలేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టములో 2 మిల్లీలీటర్ల రక్తము తీసి 20 నిమిషాలు కదపకుండ ఉంచి, తరువాత వంచి చూడాలి. అప్పటికీ నీళ్ళలాగా ఉంటే విషము ఎక్కినట్లే. సబ్బుతో కడిగిన గొట్టము పనికిరాదు, ఫలితము తప్పు చూపుతుంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు అనంతపురంలో ఆరంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లిలో ఆసుపత్రితో పాటు నర్సింగు విద్యకు కూడ చోటు కల్పించింది. ఇటువంటి పల్లెల నడుమ చదివే పిల్లకు ఈ గాజు గొట్టము పుస్తకములోని బొమ్మగా ఉండిపోరాదు.

విరుగుడు గుర్రానిది గనుక కొందరికి పడదు. దద్దుర్లు లేస్తాయి, ఊపిరి అందదు, బి.పి. పడిపోతుంది. అప్పుడు అడ్రినలిన్ తొడ కండలో ఇవ్వాలి. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్న అడ్రినలిన్ పెద్దవారికి అర మిల్లీలీటరు. బిడ్డకయితే మరల బరువు లెక్కే: కిలోకు 0.01 మిల్లీలీటరు, పదిహేను కిలోల బిడ్డకు 0.15. ఒకే మంచము మీద, ఒకే బిడ్డకు, ఒక మందు పెద్దవారంత, మరొకటి బిడ్డకు తగినంత. అందుచేత విరుగుడు చుక్కలు మొదలుపెట్టక ముందే బిడ్డ బరువు చూచి, అడ్రినలిన్ ఆ మేరకు సిరంజిలో తీసి, పేరు వ్రాసి, ప్రక్కన పెట్టుకోవాలి.