నాలుగో ఏడు ఎందుకు?

2020 జాతీయ విద్యా విధానంతో డిగ్రీకి నాలుగో ఏడు కలిసి ఆనర్స్ అయింది. యు.జి.సి. లెక్కలో మూడేళ్ళకు 120 క్రెడిట్లు, ఆనర్స్‌కు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు పరిశోధన కూడా ఎంచుకోవచ్చు. దానికి 12 క్రెడిట్లు.

"మూడేళ్ళకే పట్టా వస్తుంటే ఇంకో ఏడు దేనికిరా?" అంటాడు మా నాన్న. రైతుకు ఏడాదంటే రెండు పంటలు. సమాచార వ్యవస్థల ఆనర్స్ పేరుతో మరో రెండు కంప్యూటర్ భాషలు బట్టీపట్టడమే అయితే ఆయన మాటే న్యాయం.

సమాచార వ్యవస్థ అంటే యంత్రం ఒక్కటే కాదు. అందులో వివరాలు నింపే మనిషి, దాన్ని నమ్ముకున్న మనిషి కూడా అందులో భాగమే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ సంగతే చూడండి. పంటనష్టం సాయానికైనా, ప్రభుత్వ కొనుగోలుకైనా పంట అందులో నమోదు కావాలి. పట్టా ఒకరిది, సాగు మరొకరిది, కౌలేమో నోటిమాట. మరి ఆ గడిలో ఎవరి పేరు ఎక్కాలి? ఈ చిక్కు ల్యాబ్‌లో కూర్చుంటే విడిపోదు.

కనుక ఆ 12 క్రెడిట్ల పరిశోధనను ఒక పంటకాలం పల్లెలో చేయనివ్వాలని అధ్యాపకులకు నా మనవి. కౌలురైతు పేరు గడిలోకి ఎక్కే దారి చూపగలిగితే నాలుగో ఏడు దండగ కాదు.