యోగాభ్యాసానికి కాలనిర్ణయం – రెంజల్ రైతుకు శాస్త్రం చెప్పే సమాధానం

యోగాభ్యాసానికి ఉత్తమమైన కాలం ఏది అన్న ప్రశ్నకు లోకంలో ఒకే సమాధానం వినిపిస్తుంది: బ్రాహ్మీ ముహూర్తం. అది శాస్త్రసమ్మతమైన సమాధానమే. అయితే ఆ మాట జనంలోకి వెళ్ళేసరికి దాని రూపం మారిపోయింది. ‘తెల్లవారుజామున 4 గంటలకు లేచినవానికే యోగం, తక్కినవారు చేసినా ఫలం లేదు’ అన్న భావం స్థిరపడింది. ఈ రెండవ మాట ఏ శాస్త్రంలోనూ లేదు. లేని నిషేధాన్ని శాస్త్రం పేరిట ప్రచారం చేయడం వలన యోగానికి దూరమవుతున్నవారు ఎవరో విచారించవలసి ఉన్నది.

నిజామాబాద్ జిల్లాలోని రెంజల్ మండలాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చును. గోదావరీమాత తెలంగాణలో అడుగుపెట్టేది ఈ మండలంలోని కందకుర్తి వద్దనే. మంజీర, హరిద్ర అక్కడ ఆమెను కలుస్తాయి గనుక అది త్రివేణీ సంగమక్షేత్రమైనది. హరిద్ర అంటే పసుపు. ఆ నది పేరుకు తగినట్లే ఇందూరు సీమ పసుపు పంటకు ప్రసిద్ధి. 1931లో నిజాంసాగర్ పూర్తి అయిన పిమ్మట మంజీర జలాలతో బోధన్ ప్రాంతం వరికీ చెరకుకూ నిలయమైనది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడేవరకు, గానుగ కాలంలో అక్కడి పని రాత్రింబవళ్ళు షిఫ్టుల మీద నడిచింది.

ఇటువంటి సీమలో మనుష్యుల దినచర్యను పంట నిర్ణయిస్తుంది. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలయ్యేంతవరకు, రాత్రి వంతు కరెంటు వచ్చినప్పుడు లేచి బాయి కాడికి పోవడం రైతుకు నిత్యకృత్యం. నేటికీ మడికి నీరు పారించే పని, పంటకు కావలి ఉండే పని రాత్రులను వదలలేదు. నాట్ల కాలంలో స్త్రీలు పొద్దుపొడవక ముందే ఇంటిపని ముగించుకొని పొలానికి వెళ్ళి, నడుములు వంచి సాయంకాలం వరకు బురదలో నిలబడతారు. ఈ జిల్లాలో బీడీలు చుట్టి జీవించే స్త్రీలు అసంఖ్యాకులు. వేయి బీడీల లెక్క పూర్తి అయ్యేవరకు వారు చాట ముందు నుండి లేవరు.

వీరికి ‘4 గంటలకు లేవండి, లేనిచో యోగం వ్యర్థం’ అని ఉపదేశిస్తే రెండే జరుగుతాయి. అధికసంఖ్యాకులు ‘ఇది పని లేనివారి విద్య’ అనుకొని విడిచిపెడతారు. శ్రద్ధ గల కొందరు నిద్రను నరుక్కొని పది దినాలు చేసి, పదకొండవ నాడు జ్వరంతోనో తలనొప్పితోనో పడుకొని, ఆ తరువాత మరి లేవరు. ఉపదేశం వలన ఒక్కరైనా అభ్యాసంలో నిలవనప్పుడు, ఆ ఉపదేశం శాస్త్రాన్ని సరిగా చెప్పినదా అన్న సందేహం కలగక తప్పదు.

మొదట బ్రాహ్మీ ముహూర్త స్వరూపమేమిటో చూడవలెను. అహోరాత్రం ముప్పది ముహూర్తాలు. ఒక్కొక్క ముహూర్తం రెండు గడియలు, అనగా 48 నిమిషాలు. సూర్యోదయానికి ముందు వచ్చే చివరి ముహూర్తాన్ని విడిచి, దానికి పూర్వమున్నది బ్రాహ్మీ ముహూర్తం. అది సూర్యోదయానికి 96 నిమిషాల ముందు ఆరంభమై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. రాత్రి చివరి యామాన్ని మొత్తంగా ఆ పేరుతో పిలిచే సంప్రదాయమూ కలదు. ఏ లెక్క తీసుకున్నా అది సూర్యుణ్ణి అనుసరించేదే గాని గోడగడియారాన్ని అనుసరించేది కాదు. రెంజల్ ప్రాంతంలో జూన్ మాసాంతాన సూర్యోదయం సుమారు 5 గంటల 45 నిమిషాలకు. జనవరి మధ్యలో సుమారు 6 గంటల 50 నిమిషాలకు. కావున బ్రాహ్మీ ముహూర్తం వేసవిలో 4 దాటిన పిమ్మట, చలికాలంలో 5 దాటిన పిమ్మట ఆరంభమవుతుంది. సంవత్సరమంతా 4 గంటలకే అలారం పెట్టుకునేవాడు శాస్త్రకాలాన్ని పాటిస్తున్నాననుకొని చలికాలంలో గంటసేపు నిద్రను వృథాగా కోల్పోతున్నాడు.

రెండవది అధికారి విచారణ. ఏ విధి అయినా ఎవరిని ఉద్దేశించినదో తెలియక ఆచరణలో పెట్టకూడదు. బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని దినచర్యాధ్యాయం ఆరంభంలోనే చెప్పిన వాగ్భటుడు, ఆ విధిని స్వస్థునికి విధించినాడు. ఆరోగ్యవంతుడు తన ఆయుస్సును కాపాడుకొనడానికి ఆ వేళ లేవవలెనని ఆయన మాట. అష్టాంగసంగ్రహం మరొక అడుగు వేసి, తిన్నది జీర్ణమైనదీ లేనిదీ చూసుకొని లేవమన్నది. రాత్రి పదకొండింటికి పొలం నుండి వచ్చి అన్నం తిన్నవానికి నాలుగింటికి ఆ పరీక్ష ఏమి చెబుతుందో వివరించనక్కరలేదు. రాత్రి మేల్కొనవలసి వచ్చిన అలవాటు లేనివానికి అష్టాంగహృదయం వేరుగా ఉపాయం చెప్పినది: మేల్కొన్న కాలంలో సగం, మరుసటి ఉదయం భోజనానికి పూర్వం నిద్రించవలెను. తెల్లవారి నిద్రపోవడం తమస్సని ఈసడించేవారు ఈ వాక్యాన్ని చూడవలెను. నీరు పారించి వచ్చి పడుకున్న రైతు సోమరి కాడు. శాస్త్రం చెప్పిన చికిత్సనే చేసుకుంటున్నాడు.

ఇక యోగశాస్త్ర గ్రంథాలు. హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు కుంభకాభ్యాసానికి ప్రాతఃకాలం, మధ్యాహ్నం, సాయంకాలం, అర్ధరాత్రి అని నాలుగు వేళలు చెప్పి, ఒక్కొక్క వేళ క్రమంగా 80 కుంభకాల వరకు పెంచమన్నాడు. ఒక్క తెల్లవారుజామే యోగకాలమైతే తక్కిన మూడు వేళలకు అక్కడ చోటుండేది కాదు. ఘేరండసంహిత దినంలోని వేళ కంటె ఋతువును ముఖ్యంగా విచారించి, వసంతంలో గాని శరత్తులో గాని అభ్యాసం ఆరంభించమన్నది. మిగిలిన ఋతువులలో ఆరంభిస్తే రోగకారణమవుతుందని హెచ్చరించినది.

హఠయోగప్రదీపిక మొదటి ఉపదేశంలో యోగాన్ని చెరిచే ఆరింటిని లెక్కించినప్పుడు, అతిభోజనం, అతిశ్రమ, అతిభాషణాదులతో పాటు ‘నియమాగ్రహం’ అన్నదానిని కూడా చేర్చినారు. ఈ సమాసాన్ని రెండు విధాల విడదీయవచ్చును. నియమ, ఆగ్రహం అంటే నియమం పట్ల మొండిపట్టు. నియమ, అగ్రహం అంటే నియమాన్ని గ్రహించకపోవడం. జ్యోత్స్నా వ్యాఖ్యాత బ్రహ్మానందుడు మొదటి వైపు నిలిచి, చన్నీటితో ప్రాతఃస్నానం చేయడం వంటి నియమాలను పట్టుకొనడమే ఇక్కడ దోషమన్నాడు. అదే ఉపదేశంలో తరువాత అభ్యాసకాలంలో వర్జించవలసిన వాటిలో ప్రాతఃస్నానం, ఉపవాసం, కాయక్లేశాన్ని కలిగించే విధులు కనిపిస్తాయి. అందువలన, శరీరాన్ని హింసించే వేకువ నియమాన్ని యోగానికి ముఖద్వారంగా నిలబెట్టడం యోగగ్రంథాలకే విరుద్ధం.

ఉత్తరమీమాంస ఈ విషయాన్ని తేటతెల్లం చేసినది. బ్రహ్మసూత్రాల నాల్గవ అధ్యాయం ప్రథమపాదంలో, ఉపాసనకు దిక్కు, దేశం, కాలం అనే నియమమున్నదా అన్న విచారణ వస్తుంది. ఏకాగ్రత ఎక్కడ సులభంగా కుదురుతుందో అక్కడనే చేయవచ్చునని, అంతకు మించిన విశేషవిధి లేదని సిద్ధాంతం. శ్రుతిలో సమతలమైన శుచిప్రదేశం మొదలైనవి చెప్పినారు కదా అన్న ఆక్షేపణను శంకరభగవత్పాదులు తామే లేవనెత్తి, ఆ వివరాలలో నిర్బంధం లేదని ఆచార్యుడు మిత్రుడై చెబుతున్నాడని సమాధానమిచ్చినారు. ఉపదేశకుడు మిత్రుడై చెప్పడమన్న ఆ భావం నేటి యోగగురువులందరికీ శిరోధార్యం కావలెను.

‘ఇట్లా సడలిస్తే ఎవరికి తోచినప్పుడు వారు చేస్తారు, కొన్నాళ్ళకు అసలే చేయరు’ అన్న ఆక్షేపణ సహజం. అది తోసిపుచ్చదగినది కాదు. సమాసానికి రెండవ విరుపు కూడా ఉన్నది; నియమాన్ని గ్రహించకపోవడమూ యోగఘాతకమే. పతంజలి మహర్షి అభ్యాసం దృఢపడడానికి మూడు షరతులు పెట్టినాడు: దీర్ఘకాలం చేయడం, ఎడతెగకుండా చేయడం, ఆదరంతో చేయడం. ఈ మూడింటిలో ఏ గంటకు చేయవలెనన్నది లేదు. నేడు వేకువన, రేపు మధ్యాహ్నం, ఎల్లుండి మరచిపోవడం అన్న పద్ధతి మాత్రం రెండవ షరతు వద్దనే పట్టుబడుతుంది. మరొక విశేషం: దేశకాలాల హద్దు లేకుండా పాటించితే మహావ్రతమవుతాయని ఆ మహర్షి చెప్పినవి అహింస, సత్యం మొదలైన యమాలు. 4 గంటలకు ప్రాణాయామం చేసి 10 గంటలకు చెరకు తూకంలో మోసం చేసేవాడు కాలాన్ని పాటించినాడు గాని యోగాన్ని పాటించలేదు.

నియమాన్నీ దయనూ కలిపి నడపడం ఎట్లాగో సంధ్యావందనం చూపుతున్నది. ప్రాతస్సంధ్యకు నక్షత్రాలు కనబడుతున్న వేళ ఉత్తమం, నక్షత్రాలు మరుగైన వేళ మధ్యమం, సూర్యుడు ఉదయించిన వేళ అధమం. ఉత్తమకాలాన్ని శాస్త్రం తగ్గించలేదు. అయినను కాలం దాటినవానిని ‘ఇక సంధ్య నీకు లేదు’ అని పంపివేయలేదు. కాలాతిక్రమణానికి ప్రాయశ్చిత్తార్ఘ్యం ఒకటి అదనంగా ఇప్పించి, కర్మను చేయించినది. నిత్యకర్మ విషయంలోనే ఇంతటి అవకాశమున్నప్పుడు, ఆసనప్రాణాయామాల విషయంలో తలుపు మూయడం ఏ న్యాయం?

కావున ఆచరణలో నిర్ణయం ఇట్లా ఉండవలెను. రాత్రి నిద్ర పూర్తి అయినవారికి, విద్యార్థులకు, విశ్రాంత జీవులకు బ్రాహ్మీ ముహూర్తమే ఉత్తమం. జఠరం తేలికగా, ఊరు నిశ్శబ్దంగా, మనస్సు వ్యవహారం అంటకుండా ఉండే వేళ అది. జపధ్యానాలకు దానికి సాటి లేదు. రాత్రి పొలంలో గడిపినవారు ఉదయం సగం నిద్ర తీర్చుకొని, లేచి స్నానం చేసి, అన్నానికి ముందు ఆసనాలు చేయవచ్చును. నిద్ర తీరని దేహంతో భస్త్రిక వంటి తీవ్ర ప్రాణాయామం చేయరాదు. నాట్లు వేసి వచ్చిన స్త్రీకి దీపాలవేళ, వంటకు కూర్చునే ముందు కొద్దిసేపు శవాసనం చాలును. శ్రమను హరించి చిత్తానికి విశ్రాంతినిచ్చేది అదేనని హఠయోగప్రదీపిక చెప్పినది. బీడీలు చుట్టే తల్లికి మధ్యాహ్న భోజనానికి ముందు వెన్నును నిటారు చేసే నాలుగు ఆసనాలు, వేకువ సంకల్పాలకంటె మేలు.

ఏ వేళ అయినా సడలించరానివి కొన్ని కలవు. నిండు కడుపుతో చేయరాదు. భోజనానికీ ఆసనాలకూ నడుమ మూడు గంటలైనా ఉండవలెను. ఈ జిల్లాలో ఎండ 44 డిగ్రీలు దాటే వైశాఖ జ్యేష్ఠాలలో నడిమధ్యాహ్నం శ్రమపడరాదు. ఎంచుకున్న వేళను ఊరికే మార్చరాదు. పంటకాలం మారినప్పుడు వేళను మార్చవలసి వస్తే, సంకల్పపూర్వకంగా మార్చి మళ్ళీ దానికే కట్టుబడవలెను.

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబర్ 11న చేసిన తీర్మానంతో జూన్ 21 అంతర్జాతీయ యోగదినమైనది. 2015 నుండి ప్రతి సంవత్సరం ఆ ఉదయం పట్టణ మైదానాలు నిండుతున్నవి. అది సంతోషించదగినదే. కాని ఆ దినాలలో రెంజల్ రైతు వానకాలపు దుక్కి, నారుమడి పనిలో ఉంటాడు. ఆ ఉదయం మైదానానికి రాలేనివానికి ఆ సాయంకాలం ఊరి గుడి మండపంలో ఒక గంట చోటు ఇవ్వడం దేవాలయాలకు కష్టం కాదు. సాయంకాల దీపారాధన అయిన తరువాత, పొలం నుండి వచ్చి కాళ్ళు కడుక్కున్నవారికి, అన్నానికి ముందు, ఒకే వేళకు, ప్రతిదినం. శ్రావణంలో నాట్లు ముగిసేనాటికి పదిమంది మిగిలినా, ఆశ్వయుజంలో శరత్తు వచ్చేసరికి వారి దేహం ప్రాణాయామానికి సిద్ధంగా ఉంటుంది. ఘేరండసంహిత చెప్పిన ఆరంభకాలమూ అదే.

బ్రాహ్మీ ముహూర్తం మహిమ ఎంత చెప్పినా తక్కువే. దానిని చెప్పేవారు ఎదుట కూర్చున్నవాడు రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నాడో ముందు అడగవలెను. స్వస్తి.