ఫ్రిజ్జుకు స్టార్లు, ఇంట్లో చుక్కలు

ఈమధ్య ఒక పని చేశాను. చట్టప్రకారం తప్పేం కాదు. కానీ అప్పట్నుంచీ మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మాది ఆర్మూర్ పక్కన అంకాపూర్. అవును, ఆ నాటుకోడి అంకాపూరే :-) ఉద్యోగంలో నాలుగు డబ్బులు చేతికొచ్చాక, పాత పెంకుటిల్లు పక్కనే అమ్మకీ బాపుకీ స్లాబు ఇల్లు కట్టించాను. గ్రానైట్ ఫ్లోరు, పైన ఇంకో గది, పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీ. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. మొదటి మే నెలలో అమ్మ ఫోన్ చేసి ఒకటే మాటంది: "ఇది ఇల్లా బిడ్డా, పసుపు ఉడకబెట్టే కడాయా?"

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం మధ్యాహ్నాలు ఇద్దరూ పాత పెంకుటింట్లోనే పడుకునేవాళ్లు. ఏసీ పెట్టిస్తానంటే బిల్లు భయం.

మొన్న డిసెంబర్లో ఆ కొత్త ఇల్లు అమ్మేశాం. కొన్నాయన పక్కూరి రైతు. "బోరు ఎన్ని ఫీట్లు తమ్మీ? నీళ్లు మంచిగ పడ్తయా?" అని అడిగాడు. వాస్తు చూపించుకున్నాడు, ఈసీ తీయించాడు, లింకు డాక్యుమెంట్లు చూశాడు. ఎండాకాలం ఎట్లా ఉంటుందని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు. మన భాషలో చెప్పాలంటే డిసెంబర్లో డెమో ఇచ్చి, మే నెల ప్రొడక్షన్‌కి ఆయన్ని వదిలేశా!

నా తప్పు నాదే, కాదనను. కానీ ఆ తప్పుకి వీలిచ్చిన వ్యవస్థ సంగతేంటి?

పాతిక వేల ఫ్రిజ్జు కొంటే దాని మీద స్టార్లుంటాయి. 2006లో బీఈఈ మొదలుపెట్టిన లేబుల్ అది. 2010 నుంచి ఏసీలకి తప్పనిసరి చేశారు. అరకోటి పెట్టి కొనే ఇంటికి మాత్రం ఏమీ లేదు. ఫైవ్ స్టార్ ఏసీ కొని, సాయంత్రానికి పెనంలా కాలే గదిలో బిగిస్తాం. ఇదెక్కడి పొదుపండీ?

ఇళ్లకి రేటింగే లేదా అంటే, ఉంది! 2019 ఫిబ్రవరిలో అదే బీఈఈ ఇళ్లకి కూడా ఒకటి నుంచి ఐదు స్టార్ల లేబుల్ పెట్టింది. ఎవరిష్టం వాళ్లది అన్నారు. అంతే, ఎవరికీ ఇష్టం లేకపోయింది. మీలో ఎంతమంది ఫ్లాటు కొనేటప్పుడు ఆ లేబుల్ చూశారు? అంతకుముందు 2018 డిసెంబర్లో ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ వచ్చింది. పైకప్పు నుంచి వేడి ఎంత దిగుతుందో చెప్పే యూ విలువ 1.2 దాటకూడదని అందులో ఉంది. మనం వేసే ఉత్త కాంక్రీట్ స్లాబుకి అది 3 పైమాటే. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం ఇళ్లని కూడా కోడ్ కిందకి తెచ్చింది గానీ, 100 కిలోవాట్ల లోడు నుంచి మొదలు. రాష్ట్రాలు కావాలంటే తగ్గించుకోవచ్చట. మా ఇంటి లోడు మూడు కిలోవాట్లు!

మనవాళ్లు బోలెడంతమంది ఉన్న ఆస్టిన్‌లో 2009 నుంచి పదేళ్లు దాటిన ఇల్లు అమ్మాలంటే, కొన్ని మినహాయింపులు పోను, ఎనర్జీ ఆడిట్ చేయించి కొనేవాళ్లకి రిపోర్ట్ ఇవ్వాలి. బ్రిటన్‌లో ఏ నుంచి జీ దాకా గ్రేడు చూపించకుండా ఇల్లు అమ్మకానికి పెట్టడం కుదరదు. అక్కడ అవన్నీ బుద్ధిగా పాటించి, ఇక్కడ ఇన్వెస్ట్‌మెంట్ అని ఫ్లాటు కొనేటప్పుడు ఈస్ట్ ఫేసింగా అని మాత్రమే అడుగుతాం.

ఇంకో లంచం సర్టిఫికెట్ తయారవుతుందంటారా? బండి పొల్యూషన్ కాగితం గుర్తొస్తే నాకూ భయమే. కానీ గోడ మందం, పైకప్పు రకం, కిటికీల దిక్కు, నీడ ఇవి బండి పొగలాంటివి కావు. ఎవరైనా వచ్చి కొలుచుకోవచ్చు, అబద్ధమైతే దొరికిపోతాం.

పాత కరెంటు బిల్లులు చూపిస్తే చాలదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు. చాలదు. మా అమ్మవాళ్ల బిల్లు ఎప్పుడూ తక్కువే, ఎందుకంటే వాళ్లు ఏసీ పెట్టుకోలేదు. చెమట మీటర్లో తిరగదు. రేటింగ్ ఇవ్వాల్సింది ఇంటికి, అందులో ఉండేవాళ్ల ఓపికకి కాదు.

పేదవాడి రేకుల ఇంటి రేటు పడిపోతుందన్న మాటలో మాత్రం న్యాయం ఉంది. అందుకే చిన్న ఇళ్లని వదిలెయ్యండి. ముందు రెరాలో రిజిస్టరయ్యే ప్రతి ప్రాజెక్టుకీ లేబుల్ తప్పనిసరి చెయ్యండి. బ్రోచర్లో కార్పెట్ ఏరియా పక్కనే స్టార్లు వెయ్యాలి. తర్వాత పెద్ద ఇళ్ల రీసేల్. ఇంటి మీద అప్పులున్నాయా అని ఈసీ తీస్తున్నాం కదా, ఆ ఇల్లు నెలనెలా మన మీద వేయబోయే అప్పు సంగతి కూడా తెలియాలి.

నిన్న ఆయనకి ఫోన్ చేశాను. ఎండలు ముదిరేలోపు స్లాబు మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించమని, పడమటి కిటికీకి బయటనుంచి నీడ కట్టించమని చెప్పాను. ఆయన కాసేపు ఆగి అన్నాడు: "గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే ఐపోతుండె గద తమ్మీ."

నా దగ్గర జవాబు లేదు. మీరు అమ్మిన ఇంటి గురించి మీ దగ్గరుందా?