టీవీలో లక్షలు, చేతిలో అయిదు రూపాయలు

ఆదివారం మధ్యాహ్నం కోడికూర అన్నం తిన్నాక మన హాస్టల్ టీవీ హాలు నుంచి ఎవరూ లేవరు. సినిమా మొదలయ్యే దాకా ఏది వస్తే అది చూస్తాం. పోయిన ఏడాది అలా చూస్తుండగా ఒక చానల్లో ఒక ప్రకటన వచ్చింది. "మీ ఇంట్లో వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళ ఉందా? అయితే మీరే లక్షాధికారి! వెంటనే ఫోన్ చేయండి!" కింద ఎర్రటి అక్షరాల్లో ఒక నంబరు, పక్కన నోట్ల కట్టల బొమ్మ. మేమంతా నవ్వుకున్నాం. ఒక్కడు మాత్రం నవ్వలేదు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న తమ్ముడు. ఆ బిళ్ళ వాడి పర్సులో ఉంది.

మాకెవరికీ చెప్పకుండా వాడు ఆ నంబరుకు ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడట. బిళ్ళ ఫొటో పంపమన్నాడు. మూడు లక్షలు ఖాయం అన్నాడు. ముందు రిజిస్ట్రేషన్‌కు 1,150 రూపాయలు కట్టించుకున్నాడు. తర్వాత రిజర్వు బ్యాంకు అనుమతి కాగితం కోసమని 2,500 అడిగాడు. ఆపైన పన్ను పేరుతో 3,000. మొత్తం 6,650 రూపాయలు పోయాక ఆ ఫోన్ మూగబోయింది. అది శనక్కాయల చేన్లలో కూలికి పోయి వాళ్ళమ్మ కూడబెట్టి పంపిన డబ్బు. పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రోజు సాయంత్రం వాడు మా గదికి వచ్చి, "అన్నా, ఒక మాట" అని తలవంచుకుని నిలబడ్డాడు. గది గదికీ తిరిగి చందా పోగుచేసి ఫీజు కట్టించాం. కానీ ఆ రోజు నుంచి ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. వాడు తెలివితక్కువవాడు కాడు. అర్థశాస్త్రం చదువుతున్నాడు. మరి ఎందుకు నమ్మాడు?

మిత్రులారా, ఈ వార్షికోత్సవ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఆ ప్రశ్న గురించే. నాణేల వ్యాపారంలో టీవీ అమ్మేది నాణేన్ని కాదు, 'ఇది అరుదైనది' అనే మాటను. ఆ మాట విలువ నాణెంలో ఉండదు, చెప్పేవాడి గొంతులో ఉంటుంది.

ఈ విద్యలో ఆరితేరిన దేశం అమెరికా. అక్కడ 1980లలోనే ఇంటి నుంచి సరుకు కొనే టీవీ చానళ్ళు మొదలయ్యాయి. హోమ్ షాపింగ్ నెట్‌వర్క్, ఆ తర్వాత 1986లో క్యూవీసీ వచ్చాయి. గిన్నెలు, నగలతో పాటు నాణేలు కూడా ఇలాంటి టీవీ కార్యక్రమాల్లో అమ్ముడుపోయాయి. పద్ధతి చాలా సులువు. తెర మీద గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది. మిగిలిన సంఖ్య తగ్గుతూ ఉంటుంది. యాంకర్ ఆయాసపడుతూ మాట్లాడతాడు. ఆలోచించుకోవడానికి, ఇంకొకరిని అడగడానికి, వేరే చోట ధర కనుక్కోవడానికి సమయం ఇవ్వకపోవడమే ఇందులోని అసలు కిటుకు.

అక్కడి ప్రభుత్వం 1999 నుంచి 2008 దాకా ఏడాదికి అయిదు రాష్ట్రాల చొప్పున 50 రాష్ట్రాల బొమ్మలతో పావు డాలరు నాణేలు విడుదల చేసింది. జనం వాటిని ఎంతో ముచ్చటగా పోగుచేసుకున్నారు. పిల్లలు రాష్ట్రాల పేర్లు నేర్చుకున్నారు. అందులో తప్పేమీ లేదు. అయితే వ్యాపారులు వాటికే పలుచగా బంగారు పూత పూసి, అందమైన పెట్టెల్లో పెట్టి, ముఖవిలువకు ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు అమ్మారు. ఈ నాణేలు మొత్తం 3,400 కోట్లకు పైగా ముద్రించారు. కోట్ల కొద్దీ ఉన్నది అరుదైనది ఎలా అవుతుంది? పూత పూస్తే నాణెం అసలు రూపమే పోతుంది కనుక నిజమైన సేకర్తలు అలాంటి వాటిని పక్కన పెడతారు.

ఇంకో కిటుకు మార్కులది. మనకు పరీక్షల్లో మార్కులు వేసినట్టే అక్కడ నాణేలకు 1 నుంచి 70 దాకా మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసే సంస్థలు ఉన్నాయి. పాత నాణేల విషయంలో అది ఉపయోగపడే పనే. నకిలీని, అసలును వేరు చేయడానికి పనికొస్తుంది. కానీ ఇప్పటి యంత్రాల మీద తయారైన కొత్త నాణేలకు 69, 70 రావడం పెద్ద విశేషం కాదు. ఆ రెండింటికీ తేడా మామూలు కంటికి ఆనదు. టీవీలో మాత్రం ఆ ఒక్క మార్కుకు ధర ఎంతో పెరుగుతుంది. అంటే కొన్నవాడు డబ్బు పెట్టింది నాణేనికి కాదు, చీటీకి.

అన్నిటికన్నా బాధాకరమైనది 2004 నాటి సంగతి. 2001 సెప్టెంబర్ 11న కూలిపోయిన న్యూయార్క్ భవనాల శిథిలాల్లో దొరికిన వెండితో చేశామంటూ ఒక ప్రైవేటు కంపెనీ 'ఫ్రీడమ్ టవర్ సిల్వర్ డాలర్' పేరుతో టీవీలో అమ్మకం మొదలుపెట్టింది. ధర 20 డాలర్లకు అయిదు సెంట్లు తక్కువ. పసిఫిక్ మహాసముద్రంలోని ఉత్తర మెరియానా దీవుల ప్రభుత్వం పేరు వాడుకుంది. ఆ దీవులు అమెరికా ఆధీనంలోవి, వాటికి సొంతంగా డబ్బు ముద్రించే అధికారం లేదు. ఆ నాణెం మొత్తం వెండి కూడా కాదు, పైన వెండి పూత మాత్రమే. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకు వెళితే ఆ ఏడాది అక్టోబర్‌లో కోర్టు అమ్మకాలను ఆపింది. చనిపోయినవాళ్ళ మీద జనానికి ఉన్న కన్నీటిని కూడా సరుకు చేశారన్నమాట.

మన దగ్గర ఈ మాయ తిరగబడి వచ్చింది. అక్కడ జనానికి నాణెం అమ్ముతారు. ఇక్కడ మన జేబులోని నాణేన్నే కొంటామంటారు. ఎందుకంటే మనలాంటివాళ్ళ దగ్గర కొనడానికి డబ్బు లేదు, ఆశ మాత్రం ఉంది. వైష్ణోదేవి బొమ్మతో 5, 10 రూపాయల నాణేలు ఆ ఆలయ బోర్డు రజతోత్సవం సందర్భంగా 2012 సంవత్సరం ముద్రతో చలామణి కోసమే వచ్చాయి. బస్సు కండక్టర్ చిల్లర ఇచ్చినప్పుడు కూడా రావచ్చు. దానికి లక్షలు ఎవరిస్తారు? 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్వయంగా ప్రజలను హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తనకు సంబంధం లేదనీ, అందుకోసం ఎలాంటి రుసుము, కమీషన్ అడగదనీ, తన పేరుతో వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదనీ చెప్పింది. ఆ హెచ్చరిక మన టీవీ హాలు దాకా రాలేదు. ప్రకటన మాత్రం ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా మన ముందుకే వచ్చింది.

నాణేలు దాచుకోవడాన్ని మేము తప్పు పట్టడం లేదు. స్వతంత్ర భారతంలో మొదటి స్మారక నాణేలు 1964లో నెహ్రూ గారి బొమ్మతో వచ్చాయి. 1990లో బాబాసాహెబ్ అంబేద్కర్ శతజయంతికి రూపాయి నాణెం వచ్చింది. 2015 డిసెంబర్ 6న ఆయన 125వ జయంతి గుర్తుగా 10 రూపాయల నాణెం, 125 రూపాయల నాణెం విడుదలయ్యాయి. ఆ రూపాయి బిళ్ళ మాలో ఒకరి నాన్నగారు ముప్పై ఏళ్ళుగా ట్రంకు పెట్టెలో గుడ్డలో చుట్టి దాచారు. దాన్ని సంతకు తీసుకుపోతే ఈనాటికీ రూపాయే. ఆ ఇంటికి దాని విలువ ఎంతో ఏ టీవీవాడూ చెప్పలేడు. ధర వేరు, విలువ వేరు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన ఎన్.టి.ఆర్. శతజయంతి నాణెం సంగతే చూడండి. దాని మీద ఉన్నది వంద రూపాయలు. సగం వెండి ఉన్న 35 గ్రాముల నాణెం కనుక అప్పటి ధరలో అందులోని వెండి సుమారు 1,500 రూపాయల లోపే. టంకశాల పెట్టిన ధర వేలల్లో ఉంది. అభిమానంతో కొన్నవాళ్ళు అది తెలిసే కొన్నారు, గర్వంగా ఇంట్లో పెట్టుకున్నారు. మంచిదే. కానీ "రేపు ఇది పది రెట్లు అవుతుంది" అని ఎవరైనా చెబితే, "అయితే మీరే అట్టిపెట్టుకోండి" అని జవాబివ్వాలి.

నాణెం ధర మూడు విషయాల మీద నిలబడుతుంది. ఎన్ని ముద్రించారు, ఏ స్థితిలో ఉంది, నిజంగా డబ్బిచ్చి కొనేవాడు ఉన్నాడా? మన హైదరాబాద్ టంకశాల నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం, ముంబయి నాణెం మీద వజ్రం గుర్తు, నోయిడా నాణెం మీద చుక్క ఉంటాయి. కోల్‌కతా నాణేనికి గుర్తు ఉండదు. ఇవన్నీ తెలుసుకోవడం సరదా కూడా. చదువుకున్నవాడు నాణేన్ని చదవాలి, ప్రకటనను కాదు.

"ఆశపడ్డాడు, అనుభవించాడు" అని మన హాస్టల్లోనే కొందరు ఆ తమ్ముణ్ణి ఎగతాళి చేశారు. ఆ మాటతో మేము ఏకీభవించం. మనలో చాలామందిమి మా ఇళ్ళలో మొదటి డిగ్రీవాళ్ళం. బ్యాంకు కాగితం వచ్చినా, కోర్టు నోటీసు వచ్చినా ఊళ్ళో మనల్నే అడుగుతారు. మరి మనకు అనుమానం వస్తే అడగడానికి ఇంట్లో ఎవరున్నారు? పైగా అప్పు, ఫీజు, చెల్లి పెళ్ళి అన్నీ ఒక్క దెబ్బతో తీరిపోతాయనే కల ఖాళీ కడుపుకే తొందరగా పడుతుంది. ప్రకటన చేసేవాళ్ళకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. డబ్బు తీసుకుని ఆ ప్రకటన వేసిన చానల్‌కు బాధ్యత లేదనడం కూడా అన్యాయమే.

బాబాసాహెబ్ 1923లో రూపాయి సమస్య మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. రూపాయికి జనం చేతిలో ఎంత కొనుగోలు శక్తి ఉందన్నదే ఆయన పట్టించుకున్న విషయం. ఆయన బొమ్మ గోడకు ఉన్న హాస్టల్లో ఒక అమ్మ కూలి డబ్బు ఒక ఫోన్ కాల్‌కు పోయిందంటే సిగ్గుపడాల్సింది ఆ తమ్ముడు కాదు, వాడు మమ్మల్ని ముందే అడిగేంత చనువు ఇవ్వని మేము.

అందుకే మా మనవి ఒక్కటే. డబ్బు వస్తుందని చెప్పి ముందుగా డబ్బు అడిగేవాడు ఎవరైనా సరే, పంపేముందు ఒక రాత్రి ఆగండి. పక్క గది అన్నను అడగండి, వార్డెన్ సారును అడగండి. మోసపోయామని తెలిస్తే దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఈ హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు నెలకో ఆదివారం వచ్చి మాతో కూర్చుంటే ఇంకా మంచిది.

ఆ అయిదు రూపాయల బిళ్ళ ఇప్పటికీ మా తమ్ముడి దగ్గరే ఉంది. అమ్మడానికి కాదట. ఈ ఏడాది కొత్తగా చేరిన పిల్లలకు చూపించి జరిగింది జరిగినట్టు చెబుతున్నాడు.