తెరకూ ఒక అంచుండాలి

కట్టంగూరు లాంటి ఊళ్ళో కూడా ఈ రోజుల్లో నలుగురు కూర్చుంటే చాలు, గోడమీద తెర వెలుగుతుంది. బడి వార్షికోత్సవం కానివ్వండి, పొదుపు సంఘం సమావేశం కానివ్వండి, పవర్‌పాయింట్ లేనిదే మాట పెగలదు. బాగానే ఉంది. నా తగువు తెరతో కాదు, తెరమీద తిరిగే ఆ రంగులరాట్నంతో.

మొదటి స్లైడు నీలం. రెండోది గులాబీ, మూలనొక పూలగుత్తి. మూడోదాంట్లో అక్షరాలు ఎగురుకుంటూ వస్తాయి. నాలుగోదానికొచ్చేసరికి శీర్షిక అడుక్కి దిగిపోతుంది. ఏమిటమ్మా ఇదని అడిగితే, "అన్నీ ఒకేలా ఉంటే బోరు కొట్టదా అండీ?" అంటారు.

బోరు! ఆ ఒక్క మాట అడ్డంపెట్టుకుని ఎంత అన్యాయం జరుగుతోందో చూడండి. సంఘంలో అప్పు గురించి చెబుతున్నారనుకోండి. మూడో స్లైడులో 'అసలు' ఎడమవైపు, 'వడ్డీ' కుడివైపు. నాలుగోదాంట్లో అవి తారుమారు. ఐదోదాంట్లో 'అసలు' పేరు మార్చుకుని 'ప్రిన్సిపల్' అవుతుంది. మీరూ నేనూ అయితే ఎలాగో సర్దుకుంటాం. నడివయసులో అక్షరాలు నేర్చుకుని కూడబలుక్కుని చదివే తల్లి సంగతేమిటి? అంకె ఎక్కడుందో ఆమె వెతుక్కునేలోగా స్లైడు వెళ్ళిపోతుంది. నలుగురితోపాటు తలూపి, వేలిముద్ర బదులు సంతకం పెట్టి ఇంటికొస్తుంది. ఆ సంతకానికి వాయిదాలు కట్టేది ఆమే గానీ, తెరమీద పూలు పూయించినవాళ్ళు కాదు.

"మరీ చెబుతారు" అంటారేమో. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని పొట్టనపెట్టుకున్న కొలంబియా నౌకని మరిచిపోలేదు కదా! అది ఇంకా ఆకాశంలో ఉండగానే, ఊడిపడి రెక్కకి తగిలిన ఫోమ్ ముక్క వల్ల ప్రమాదముందా లేదా అని ఇంజనీర్లు స్లైడ్లు చూపించారు. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. తగిలిందని అంచనా వేసింది 1,920. అంటే 640 రెట్లు! ఆ మాట స్లైడు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఒకే కొలతని ఆ ఒక్క స్లైడులోనే మూడు రకాలుగా రాశారని ఎడ్వర్డ్ టఫ్టీ అనే ఆచార్యుడు ఎత్తిచూపాడు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ నివేదిక కూడా ఈ స్లైడ్ల తీరుని తప్పుపట్టింది. స్లైడు వల్లే నౌక కూలిందని నేననను. కానీ కళ్ళకి కట్టాల్సిన అంకె కంటికి ఆనకుండా పోయింది.

ఒకేలా ఉండటమంటే అందం లేకపోవడమా? అయితే పోచంపల్లి, పుట్టపాక చీరలు మనమెందుకు కడుతున్నాం? ఉమ్మడి నల్గొండ జిల్లా నేతగాళ్ళు ముందే కాగితం మీద గళ్ళలో డిజైను గీసుకుని, ఆ లెక్కన నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. మగ్గం ఎక్కించాక "ఈ మూర ఇంకోలా నేద్దాం" అంటే కుదరదు. అంచు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే అంచు. కనుకనే కొంగు రాగానే కన్ను ఆగుతుంది. అంచు మూరకో రకంగా మారితే కొంగుకి విలువేముంది? తెరమీదా అంతే. అన్నీ మారుతుంటే ఏ మార్పుకీ అర్థం ఉండదు.

ఇందుకు పెద్ద విద్య కూడా అక్కర్లేదు. పవర్‌పాయింట్‌లో 'వ్యూ' కింద 'స్లైడ్ మాస్టర్' ఉంటుంది. శీర్షిక ఎక్కడుండాలి, అక్షరం ఎంత, రంగేమిటి అన్నది అక్కడ ఒక్కసారి నిర్ణయిస్తే అన్ని స్లైడ్లకీ అదే పాకుతుంది. ఒక విషయానికి ఒకే పేరు వాడండి. ఎరుపుని గడువు తేదీకో, ప్రమాదానికో దాచిపెట్టండి.

ఇక తల్లులకో మాట. మీ అమ్మాయి ప్రాజెక్టు స్లైడ్లు తెచ్చి చూపిస్తే "అబ్బ, ఎన్ని రంగులో!" అని మురిసిపోకండి. "వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి అర్థమవుతుందా?" అని అడగండి. తెర ముందు నిలబడ్డవాళ్ళ ముచ్చట కన్నా, తెరకెదురుగా కూర్చున్నవాళ్ళ అవసరం పెద్దది.