బరువు తగ్గే పోటీ మనకొద్దు



ఈసారి పోస్టు పొడుగ్గానే ఉంటుంది, కాఫీ పెట్టుకుని కూర్చోండి. చక్కెర సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఉగాది కార్యక్రమాల్లో భాగంగా మూడు నెలల్లో ఎవరు ఎక్కువ బరువు తగ్గితే వారికి వెండి నాణెం ఇచ్చే పోటీ పెట్టాలని కమిటీలో ప్రతిపాదన వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మొదటి రోజు, చివరి రోజు హాల్లో అందరి ముందూ కాటా ఎక్కాలట. ప్రతిపాదించినవారిది మంచి మనసే, అందులో నాకు అనుమానం లేదు. సమస్య కూడా నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం. మనముంటున్న తమిళనాడులో 40 శాతం. మన చుట్టాలున్న ఆంధ్రలో 36. యానాం వాళ్లు నవ్వుకోనక్కర్లేదు, పుదుచ్చేరి లెక్క 46. అయినా ఈ పోటీ వద్దంటున్నాను.

అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అని ఒక టీవీ పోటీ ఉండేది. లావుగా ఉన్నవాళ్లను తీసుకొచ్చి, నెలల తరబడి కడుపు మాడ్చి, రోజంతా వ్యాయామం చేయించి, ఎవరు ఎక్కువ తగ్గితే వారికి బహుమతి ఇచ్చేవారు. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరిశోధకులు మళ్లీ పరీక్షించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. సగటున చూస్తే పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వచ్చేసింది. అంతకంటే బాధాకరమైన విషయం, వాళ్ల శరీరం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు చేసే శక్తి ఉండాల్సినదానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. అంటే అదే సైజున్న ఇంకో మనిషి తిన్నంతే తిన్నా వీళ్లు లావవుతారు. శరీరానికి వెండి నాణెం గురించి తెలియదు కదా. కరువొచ్చిందనుకుని దాచుకోవడం మొదలుపెడుతుంది. మనం పెట్టబోయేదీ ఇలాంటి పోటీయే, కాకపోతే చిన్నది.

ఈ ఆలోచన వెనక ఒక నమ్మకం ఉంది. లావుగా ఉన్నవాళ్లు తిండిపోతులు, బద్ధకస్తులు, నలుగురిలో కాస్త సిగ్గుపడితే దారికొస్తారని. నాకు అసలు కోపం దీని మీదే. 1986లో డెన్మార్క్‌లో దత్తత వెళ్లిన 540 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. పెద్దయ్యాక వాళ్ల ఒళ్లు పెంచిన తల్లిదండ్రుల ఒంటితో కాక, కన్నవాళ్ల ఒంటితో పోలింది. ఎవరింటి అన్నం తిని పెరిగారన్నదాని కంటే ఎవరి రక్తం అన్నదే ఎక్కువ పనిచేసింది. దానికి తోడు స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, ఇన్సులిన్ బరువు పెంచుతాయి. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. రాత్రి షిఫ్టులు చేసే మన ఐటీ పిల్లలను అడగండి. అలాగని అంతా థైరాయిడ్ మీదకు తోసేయడమూ తప్పే. థైరాయిడ్ తగ్గినందువల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలా భాగం నీరు.

మన ఇళ్లలో ఏం జరుగుతోందో చూడండి. రెండేళ్ల పిల్ల బొద్దుగా ఉంటే ముద్దులాడి దిష్టి తీస్తాం. తినను మొర్రో అంటున్నా ఇంకో ముద్ద కుక్కుతాం. ఆ పిల్లకే పదమూడేళ్లు వచ్చేసరికి పెద్దత్త "ఏమే, ఇలా తయారయ్యావు" అంటుంది. తెలుగులో గుండు అంటే మనకు తిరుపతి గుర్తొస్తుంది. ఇక్కడి బళ్లో ఆ మాటకు అర్థం వేరు, తోటి పిల్లలు అలా పిలిస్తే మన పిల్ల ఇంటికొచ్చి ఏడుస్తుంది. ఇక మన వధూవరుల పరిచయ వేదిక దరఖాస్తులో 'శరీర తీరు' అని ఒక గడి ఉంది. అమ్మాయిల కాగితాల్లో అది నింపకపోతే ఫోన్ చేసి మరీ అడుగుతారు. అబ్బాయి బొజ్జ గురించి ఎవరూ అడగరు, "పుష్టిగా ఉన్నాడు" అంటారు! సిగ్గుపెడితే మనిషి మారతాడన్నది ఒట్టి మాట. సిగ్గుపడ్డవాళ్లు నలుగురిలోకి రావడం మానేస్తారు, డాక్టరు దగ్గరకు వెళ్లడం మానేస్తారు, ఒంటరిగా కూర్చుని ఇంకాస్త తింటారు. అందరి ముందు కాటా పెడితే, ఎవరి కోసం పెట్టామో వాళ్లు ఆ రోజు హాలుకే రారు. ఎక్కేది నాలుగైదు కిలోలు తగ్గించుకుందామనుకునే హుషారు కుర్రాళ్లే.

పైగా ఈ కాటా వల్ల సన్నగా ఉన్నవాళ్లకు లేని ధైర్యం వస్తుంది. "నాకేంటి, బక్కగా ఉన్నాను" అని ఎదురుగా ఏది ఉంటే అది తింటారు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి నవజాత శిశువులను ఇంగ్లండ్ శిశువులతో పోల్చి చూసింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5. తగ్గిందల్లా కండే, కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. పుట్టుకతోనే సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వుండే శరీరం మనది. అందుకే మనవాళ్లకు ఊబకాయం హద్దు బీఎంఐ 30 కాదు, 25 అంటున్నారు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 68 కిలోలుంటే ఆ హద్దు వచ్చేసినట్టే. మనలో చాలామంది దాన్ని సరైన బరువనుకుంటారు.

అంతకన్నా ముఖ్యం నడుము. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. ఇది ప్యాంటు సైజు కాదండీ. ప్యాంటు బొజ్జ కింద కట్టి "ఇప్పటికీ 34 సైజే" అని చెప్పుకునే అన్నయ్యలు మన సంఘంలో కనీసం పదిమంది ఉన్నారు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. మన చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు ఐసీఎంఆర్‌తో కలిసి చేసిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వచ్చింది. బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్నవారు 28.6 శాతమైతే, నడుము ప్రకారం 39.5 శాతం.

ఇంకొకటి కూడా మన ఊళ్లో తేలిన విషయమే. షుగరు రాబోయే దశలో ఉన్న 531 మందిని డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మూడేళ్లు గమనించింది. ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహాతో వదిలేసినవారిలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండిలో మార్పు, రోజూ నడక పాటించినవారిలో 39 శాతానికే వచ్చింది. ఆ రెండో వర్గం వాళ్లు చెప్పుకోదగ్గ బరువేమీ తగ్గలేదు! మన పోటీలో వాళ్లుంటే అందరూ ఓడిపోయేవారు. "రెండు నెలలు నడిచాను, కాటా కదల్లేదు, మానేశాను" అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

తిండి మీద ఉన్న నమ్మకాలు అన్నీ రాస్తే తెల్లారుతుంది. ఒకటి రెండు చెబుతాను. రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే తగ్గుతామంటారు. వంద గ్రాముల బియ్యానికీ వంద గ్రాముల గోధుమపిండికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. చిరుధాన్యాలకూ అంతే, పీచు ఎక్కువ కాబట్టి మంచివే కానీ కొలత లేకుండా తినమని కాదు. చపాతీకి రాసే నూనె స్పూనుకు 45 కేలరీలు. మూడు చపాతీలు, పక్కన కుర్మా కలిపితే మానేసిన అన్నం తిరిగొచ్చినట్టే. వేడినీళ్లలో తేనె, నిమ్మరసం కొవ్వును కరిగించవు. పొద్దున గంట నడిస్తే సుమారు 200 నుంచి 300 కేలరీలు ఖర్చవుతాయి, వచ్చేదారిలో హోటల్లో ఒక ప్లేటు వడ, ఒక కాఫీతో అది చెల్లు. నడక మానమని కాదు, పైన చెప్పిన షుగరు లెక్క చూశారుగా. ఇక ఇప్పుడు అందరూ అడుగుతున్న ఇంజెక్షన్లు. అవి పనిచేస్తాయి, కానీ మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. డాక్టరు చెబితేనే తీసుకోవాలి, వాట్సాప్ గ్రూపులో ఒకరిని చూసి ఇంకొకరు కాదు.

పోటీ బదులు ఏం చేద్దామంటే: అదే డబ్బుతో ఉగాది రోజు హాలు పక్క గదిలో బీపీ, షుగరు, నడుము కొలత పెడదాం. తలుపు వేసి, ఒక్కొక్కరికి. కాగితం వారి చేతికే, సంఘం దగ్గర జాబితా ఉండకూడదు. బొబ్బట్లు తీయొద్దు, పండుగ పండుగే. కానీ ఒకే పూట బొబ్బట్లు, గారెలు, బజ్జీలు, పులిహోర అన్నీ ఎందుకు? వేపుళ్లలో ఒకటి తీసి కూర, పచ్చడి, పెసలు పెంచవచ్చు. వడ్డించేవాళ్లు వద్దన్నవారి ఆకులో మళ్లీ వేయకుండా ఉంటే చాలు, అది మనకు చేతనవుతుందో లేదో చూడాలి. దరఖాస్తులో 'శరీర తీరు' గడి వెంటనే తీసేయాలి. దీనికి ఖర్చేమీ లేదు.

వచ్చే ఆదివారం సాయంత్రం కమిటీ కూర్చుంటోంది. రాలేనివారు మీ అభిప్రాయం ఇక్కడే కింద రాయండి, ప్రింటు తీసి తీసుకెళతాను. వంటాయన మెనూ ఆ లోపే కావాలంటున్నారు కాబట్టి బజ్జీల సంగతి ముందు తేల్చండి.